స్కానర్ కొనే ముందు ఊరి గాలిని తెలుసుకోండి

పోయిన చలికాలం మా నాన్నగారు మా దగ్గరికి వచ్చారు. ఒకరోజు రాత్రి తొమ్మిదిన్నరకి భోజనాలు చేస్తుంటే, కిటికీ గట్టు మీద పెట్టిన చిన్న పెట్టె ఉన్నట్టుండి మాట్లాడింది. గొంతు మనిషిదే అనిపిస్తుంది కానీ మాట్లాడేది మనిషి కాదు. ఒక్కో మాటనీ విడిగా రికార్డు చేసి వరసగా పేర్చినట్టు ఉంటుంది. ముందు రైల్వే కంపెనీ పేరు, తర్వాత మైలురాయి నంబరు, ఆ తర్వాత ‘లోపాలు లేవు, లోపాలు లేవు’ అని రెండుసార్లు, చివర ‘మొత్తం ఇరుసులు 286’ అని ఇంగ్లీషులో చెప్పి ఊరుకుంది. నాన్నగారు పెరుగన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసి, “ఎవర్రా అది?” అన్నారు.

“పట్టాల పక్కన పెట్టిన యంత్రం నాన్నా. బండి దాటగానే బాగోగులు చూసి డ్రైవర్‌కి రేడియోలో చెబుతుంది” అన్నాను.

ఆయన విజయవాడ డివిజన్‌లో స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. చిన్న స్టేషన్లో బండి ఆగకుండా వెళ్ళిపోతుంటే స్టేషన్ మాస్టర్ ఒకవైపు, పాయింట్స్‌మన్ అవతలివైపు నిలబడి ఇంజను నుంచి గార్డు పెట్టె దాకా కళ్ళు తిప్పకుండా చూడాలి. ఇరుసు వేడెక్కి పొగ వస్తోందా, బోగీ కింద ఏదైనా వేలాడుతోందా, తలుపు తెరుచుకుందా అని. అంతా బాగుంటే పగలు పచ్చ జెండా, రాత్రి పచ్చ దీపం చూపించాలి. దాన్నే ‘ఆల్ రైట్ ఇవ్వడం’ అంటారు. వర్షమైనా చలైనా ఏళ్ళ తరబడి ప్లాట్‌ఫామ్ అంచున నిలబడి ఆయన చేసిన పని అది. ఇక్కడ అదే పనిని పట్టాల పక్కన ఇన్‌ఫ్రారెడ్ కళ్ళు చేస్తాయి. దాటిపోయే ప్రతి చక్రం దగ్గరా బేరింగు వేడి కొలిచి, ఇరుసులు లెక్కబెట్టి, చూసింది నోటితో చెబుతాయి. ఆ రాత్రి నుంచి మా ఇంట్లో ఆ చిన్న పెట్టె, అంటే రేడియో స్కానర్, ఆయనదైపోయింది.

మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. తెలుగువాళ్ళు దండిగా ఉన్న ఊరు. ఆ పేరు రైలు పెట్టిందేనని ఇక్కడ ఉంటున్న చాలామందికి తెలియదు. సెయింట్ లూయిస్–శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వేని జనం ముద్దుగా ‘ఫ్రిస్కో’ అనేవారు, ఊరికి ఆ పేరే నిలిచింది. ఇప్పటికీ ఆ దారిన గూడ్సు బండ్లు నడుస్తున్నాయి. నాన్నగారు స్కానర్‌తో ఆడుకోవడం చూసిన మిత్రులు కొందరు, “మేమూ ఒకటి కొనుక్కుంటాం, ఏది మంచిదో చెప్పు” అని అడగడం మొదలుపెట్టారు. ‘ఏది మంచిది’ అన్న ప్రశ్నకి మోడల్ పేరుతో జవాబు చెప్పడం కుదరదు. మీ ఇంటి చుట్టూ గాలిలో ఏ మాటలున్నాయి, అవి ఏ రూపంలో ఉన్నాయి అన్నది ముందు తేలాలి. అది తేలితే పెట్టె ఎంపిక పది నిమిషాల పని.

ఆ వరస తెలియక నేను నష్టపోయాను. మొదటిసారి ఆన్‌లైన్‌లో వంద డాలర్ల చిల్లరకి ఒక అనలాగ్ స్కానర్ కొన్నాను. ఫైర్ ఇంజన్లు, అంబులెన్సుల కబుర్లు వినాలని నా ఆశ. ఫ్రీక్వెన్సీ సరిగ్గానే ఎక్కించాను, స్కానర్ అక్కడ ఆగింది కూడా. వినబడింది మాత్రం పిండిమర చప్పుడు లాంటి ఒకటే రొద. పెట్టె పాడైందనుకుని రెండు రోజులు తంటాలు పడ్డాను. పెట్టెకి ఏమీ కాలేదు. మా చుట్టుపక్కల ఊళ్ళ అత్యవసర సేవలన్నీ అప్పటికే డిజిటల్‌కి మారిపోయాయి. నేను విన్న రొద అంకెలు వెళుతున్న చప్పుడు.

ఇంతకీ స్కానర్ అంటే ఏమిటి? ట్రాన్సిస్టర్ రేడియోలో ముల్లు తిప్పి స్టేషన్ పట్టుకుంటాం. స్కానర్ ఆ ముల్లుని తనే తిప్పుకుంటుంది, అదీ సెకనులో పదుల చోట్లకి. మనం ఎక్కించిన ఛానళ్ళని ఒక్కొక్కటే తడుముతూ, మాట ఉన్నచోట ఆగి వినిపించి, మాట అయిపోగానే మళ్ళీ బయల్దేరుతుంది. ఏమీ లేనప్పుడు బుస్సుమనే రొద చెవిన పడకుండా స్క్వెల్చ్ అనే తలుపు మూసి ఉంచుతుంది. వాకీటాకీకీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఏమిటంటే, ఇది వినడానికే తప్ప మాట్లాడడానికి పనికిరాదు. పంపే భాగమే ఇందులో ఉండదు.

ఈ అలవాటు అమెరికాలో పాతదే. 1928లో డెట్రాయిట్ పోలీసులు పెట్రోలింగ్ కార్లకి రేడియోలో కబురు పంపడం మొదలుపెట్టారు. అప్పట్లో అది ఒకవైపు కబురే, కారులోంచి జవాబు చెప్పే వీలు లేదు. 1933లో న్యూజెర్సీలోని బయోన్‌లో రెండువైపులా మాట్లాడుకునే పోలీసు రేడియో వచ్చింది. ఆ రోజుల్లో ఇళ్ళలో ఉండే పెద్ద చెక్క రేడియోల డయల్ మీద మామూలు స్టేషన్ల పక్కనే ‘పోలీస్’ అని అచ్చువేసిన గీత ఉండేది. కుటుంబమంతా కూర్చుని వినేవాళ్ళు. 1970లలో చేతి స్కానర్లు వచ్చాక ఒక్కో ఛానల్‌కీ ఒక్కో క్వార్ట్జ్ స్ఫటికం కొని లోపల పెట్టాల్సివచ్చేది. ఎనిమిది ఛానళ్ళు వినాలంటే ఎనిమిది స్ఫటికాలు. ఇప్పుడు అదే పరిమాణంలో ఉన్న పెట్టెలో కొన్ని వేల ఛానళ్ళు పడతాయి.

సరే, గాలిలో ఏముంది? సులువుగా వినబడేవాటితో మొదలుపెడదాం. చాలామంది అనుకునేదానికంటే ఇవి ఎక్కువ.

విమానాలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య మాట్లాడుకుంటాయి. ఇది ప్రపంచమంతటా ఒకటే, శంషాబాద్‌లో దిగే విమానమైనా డాలస్‌లో దిగే విమానమైనా. మిగతా రేడియోలన్నీ ఎఫ్ఎంకి, ఆపైన డిజిటల్‌కి వెళ్ళిపోయినా విమానాలు ఇంకా పాత ఏఎంలోనే ఉండడానికి చక్కటి కారణం ఉంది. ఎఫ్ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సిగ్నల్ బలహీనమైనదాన్ని పూర్తిగా కప్పేస్తుంది. రెండోవాడు మాట్లాడిన సంగతే వినేవాడికి తెలియదు. ఏఎంలో రెండూ కలిసి కీచుమంటాయి. కంట్రోలర్‌కి మాటలు అర్థం కాకపోయినా ఇద్దరు పలికారని మాత్రం తెలుస్తుంది, మళ్ళీ చెప్పమంటాడు. రన్‌వే మీద ఆ కీచుమనే చప్పుడు విలువ ప్రాణాలంత. అందువల్ల విమానాలు వినాలనుకునేవాళ్ళు తమ పెట్టెలో ఆ బ్యాండ్ ఉందా, ఏఎంలో వింటుందా అని రెండూ చూసుకోవాలి. కొన్ని చౌక వాకీటాకీల్లో బ్యాండ్ ఉంటుంది కానీ ఏఎం ఉండదు.

విమానం వినేటప్పుడు కొత్తవాళ్ళకి ఒక వింత ఎదురవుతుంది. పైలట్ మాట స్పష్టంగా వినిపిస్తుంది, అతనికి కింది నుంచి వచ్చే జవాబు వినిపించదు. ఈ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరే వెళతాయి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఎంత ఎత్తున ఉంటే అంత దూరం. ఎత్తుని మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో హెచ్చవేస్తే ఎన్ని కిలోమీటర్లు వెళుతుందో వస్తుంది. వంద మీటర్ల టవరుకి 41 కిలోమీటర్లు. పదివేల మీటర్ల ఎత్తున ఎగిరే విమానానికి 410. చేతిలో పట్టుకున్న స్కానర్‌కి ఐదు కిలోమీటర్లు. అంటే ఆకాశంలో ఉన్నవాడు మనకి అందుతాడు, అతనితో మాట్లాడే నేలమీది టవరు నూరు కిలోమీటర్ల అవతల ఉంటే అందదు. ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే, “నా స్కానర్ పక్క జిల్లాని పట్టడం లేదు, పాడైందా?” అన్న అనుమానం రాదు.

అదే లెక్కలో ఇంకో సంగతి. నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి 145.800 మెగాహెర్ట్జ్‌లో వ్యోమగాములు అప్పుడప్పుడు బడిపిల్లలతో మాట్లాడతారు. నెత్తి మీదుగా వెళ్ళే ఆ పది నిమిషాల్లో మామూలు అనలాగ్ స్కానర్‌తో, పెట్టెతో వచ్చిన చిన్న యాంటెనాతో వినొచ్చు. పిల్లలున్న ఇంట్లో స్కానర్ కొనడానికి ఇదొక్కటి చాలదా అనిపిస్తుంది నాకు.

రైళ్ళు 160, 161 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటాయి. ఇంకా ఎక్కువభాగం అనలాగ్ ఎఫ్ఎంలోనే. ఓడలు 156 దగ్గర, వాటికి అత్యవసర ఛానల్ 156.8. హ్యాములు, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునే అమెచ్యూర్లు, 144 నుంచి 148 మధ్య. ఇవన్నీ వంద డాలర్ల పెట్టెకి అందేవే. యూనిడెన్ వాళ్ళ బీసీ 125 ఏటీ ఇలాంటిదే. 500 ఛానళ్ళు, రెండు మామూలు డబుల్ ఏ బ్యాటరీలు.

వాతావరణం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అమెరికా వాతావరణ శాఖ 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ దాకా ఏడు ఫ్రీక్వెన్సీల మీద రాత్రింబగళ్ళు మాట్లాడుతూనే ఉంటుంది. డాలస్‌కి 162.400, ఫోర్ట్‌వర్త్‌కి 162.550. టోర్నడో హెచ్చరిక రాగానే ముందు 1050 హెర్ట్జ్ కూత ఒకటి వస్తుంది. ఆ కూత విని నిద్రలోంచి మేలుకొలిపేలా స్కానర్‌ని పెట్టుకోవచ్చు. 2015 డిసెంబర్ 26 రాత్రి డాలస్ పక్కనున్న గార్లండ్‌ని ఈఎఫ్-4 టోర్నడో కొట్టినప్పుడు పదిమంది పోయారు. 2019 అక్టోబర్ 20 ఆదివారం రాత్రి ఈఎఫ్-3 టోర్నడో నార్త్ డాలస్‌ని చీల్చుకుంటూ వెళ్ళింది, అదృష్టవశాత్తూ ఒక్క ప్రాణం కూడా పోలేదు. రెండూ చీకటిలో వచ్చినవే, మబ్బు కంటికి కనిపించే వేళ కాదు. ఇలాంటి రాత్రుల్లో స్కైవార్న్ అనే ఏర్పాటు కింద శిక్షణ పొందిన హ్యాములు ఊరి చుట్టూ నిలబడి, ఎక్కడ మేఘం తిరుగుతోందో, ఎంత లావు వడగళ్ళు పడుతున్నాయో వాతావరణ కార్యాలయానికి రేడియోలో చెబుతారు. అదీ అనలాగే. టీవీలో మ్యాపు మారడానికి ముందే, మూడు వీధుల అవతల నిలబడిన మనిషి కళ్ళతో చూసింది మీ చెవిన పడుతుంది.

2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్ కరెంటు కుప్పకూలింది. చనిపోయినవాళ్ళు 246 మంది అని రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్క తేల్చింది. మా ఇంట్లోనూ కరెంటు పోయింది, ఫోన్ ఛార్జింగ్ పొదుపుగా వాడుకోవాల్సి వచ్చింది. ఆ రాత్రుల్లో మాకు బయటి లోకం సంగతి చెప్పింది మా డబుల్ ఏ బ్యాటరీల అనలాగ్ పెట్టె. డ్రాయర్లో పిల్లల బొమ్మలకని దాచిన బ్యాటరీలు వేసుకుంటూ వాడుకున్నాం. అందుకే స్కానర్ ఎంచుకునేటప్పుడు బ్యాటరీ ఏ రకమో చూడమని అందరికీ చెబుతాను. ఖరీదైనవాటిలో కొన్నిటికి ఛార్జింగ్ పెట్టే లిథియం బ్యాటరీలే, అవి కొన్ని గంటల్లో అయిపోతాయి.

ఇక కష్టమైన భాగం. పోలీసు, ఫైరు, అంబులెన్సు.

వెనకటికి ఒక్కో శాఖకీ సొంతంగా ఒక ఫ్రీక్వెన్సీ ఉండేది. ఊళ్ళు పెరిగాయి, ఫ్రీక్వెన్సీలు చాలలేదు. అప్పుడొచ్చింది ట్రంకింగ్. రైల్వేస్టేషన్ బయట ప్రీపెయిడ్ ఆటో కౌంటర్ గుర్తుకు తెచ్చుకోండి. మీకంటూ సొంత ఆటో ఉండదు. కౌంటర్లో ఊరి పేరు చెబితే, ఖాళీగా ఉన్న ఆటో నంబరు చీటీ మీద రాసిస్తారు. మళ్ళీ వచ్చినప్పుడు ఇంకో ఆటో. ట్రంకింగ్‌లో ఆటోలు ఫ్రీక్వెన్సీలు. ప్రయాణికులు ‘టాక్‌గ్రూపులు’, అంటే ఉత్తరం వైపు ఫైరు, మధ్య ఊరి పోలీసు, చెత్త లారీలు వగైరా. కౌంటరు కంట్రోల్ ఛానల్. అది ఒక్క క్షణం ఆగకుండా ‘ఫలానా గుంపు ఫలానా ఫ్రీక్వెన్సీకి వెళ్ళండి’ అని అంకెల్లో చెబుతూనే ఉంటుంది. మామూలు స్కానర్‌తో ఒక ఆటోని పట్టుకుని కూర్చుంటే మొదటి మాట ఫైరుది, రెండోది చెత్తలారీది, మూడోది ఇంకెవరిదో. ఎవరి కథా పూర్తిగా తెలియదు. ట్రంకింగ్ తెలిసిన స్కానర్ మాత్రం కౌంటర్ దగ్గర చెవి పెట్టి, మనం అడిగిన ప్రయాణికుడి వెంటే ప్రతిసారీ వెళుతుంది.

దాని మీద డిజిటల్ చేరింది. పోలీసు, ఫైరు రేడియోలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలిగేలా ఉమ్మడి పద్ధతి కావాలని 1989లో మొదలైన ప్రయత్నమే ప్రాజెక్ట్ 25. ఇక్కడ అందరూ పీ-25 అంటారు. మొదటి దశలో 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పులో ఒక సంభాషణ పడుతుంది. రెండో దశలో అదే వెడల్పుని కాలంతో రెండు ముక్కలు చేసి రెండు సంభాషణలు నడుపుతారు. స్కానర్ పెట్టె మీద ‘పీ-25’ అని మాత్రమే రాసి ఉండి, మీ ఊరు రెండో దశకి వెళ్ళిపోయి ఉంటే మీకు మళ్ళీ పిండిమర చప్పుడే. ‘ఫేజ్ 2’ అన్న మాట కూడా ఉందో లేదో చూడాలి. వ్యాపార సంస్థలు, ఆసుపత్రులు, మాల్స్ వాడే డీఎంఆర్, ఎన్ఎక్స్‌డీఎన్ పద్ధతులు ఇంకో దారి. కొన్ని ఖరీదైన స్కానర్లలో కూడా వాటికి విడిగా డబ్బు కట్టి తాళం తీయించుకోవాలి.

అంతా సరిపోయిందనుకున్నాక కూడా పెద్ద ఊళ్ళలో ఒక చిక్కు మిగులుతుంది. దీన్ని దుకాణంలో ఎవరూ చెప్పరు, కొన్నాక తెలుస్తుంది. జాతరలో ఊరంతా స్తంభానికో మైకు కట్టి ఒకే పాట వేస్తారు కదా. ఒక మైకు కింద నిలబడితే పాట స్పష్టంగా ఉంటుంది. రెండు మైకులకి మధ్యలో నిలబడితే ఒకటి ముందు, ఒకటి వెనక వినిపించి మాటలు అలుక్కుపోతాయి. నగరాల రేడియో వ్యవస్థలు కూడా ఇలాగే అనేక టవర్ల నుంచి ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకే మాటని ఒకేసారి పంపుతాయి. దీన్ని సైమల్‌కాస్ట్ అంటారు. పీ-25 మొదటి దశలో సెకనుకు 4800 గుర్తులు పంపుతుంది, అంటే ఒక్కో గుర్తుకీ దొరికే సమయం 208 మైక్రోసెకన్లు. ఒక టవరు మీకు దగ్గరగా, ఇంకోటి దానికంటే 20 కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే రెండోదాని తరంగం దాదాపు 67 మైక్రోసెకన్లు ఆలస్యంగా వస్తుంది. గుర్తులో మూడోవంతు మసకబారిందన్నమాట. మనిషి చెవి అయితే సర్దుకునేది, అంకెలు సర్దుకోవు. సిగ్నల్ బార్లు నిండుగా కనిపిస్తాయి, మాట మాత్రం ముక్కలు ముక్కలుగా తెగిపోతుంది.

పోలీసుల చేతి రేడియోలు దీన్ని తట్టుకునేలా తయారవుతాయి. స్కానర్లు చాలాకాలం తట్టుకోలేకపోయాయి. కారణం ఏమిటంటే మామూలు స్కానర్ తరంగం ఫ్రీక్వెన్సీ ఎటు ఊగుతోందో మాత్రమే చూస్తుంది, ఎంత బలంగా ఉందన్న సమాచారాన్ని వదిలేస్తుంది. సైమల్‌కాస్ట్ సిగ్నల్‌లో ఆ రెండూ కావాలి. 2018లో యూనిడెన్ తెచ్చిన ఎస్‌డీఎస్ 100 ఈ రెంటినీ పట్టుకుని లెక్కగట్టే రిసీవర్‌తో వచ్చిన మొదటి చేతి స్కానర్. ఖరీదు ఆరేడు వందల డాలర్లు. మీ ఊళ్ళో సైమల్‌కాస్ట్ ఉంటే, అత్యవసర సేవలు వినడమే మీ కోరికైతే, ఆ ఖర్చు వృథా కాదు. మీ ఊరు చిన్నదై ఒకే టవరు ఉంటే అందులో సగం ధరకి కొంచెం అటూ ఇటూగా దొరికే బీసీడీ 325 పీ2 లాంటి మోడల్ చాలు. ఇప్పటికే పాతది చేతిలో ఉంటే గదిలో నాలుగడుగులు జరిగి చూడండి. ఒక టవరుకి అడ్డంగా ఇంటి గోడో ఫ్రిజ్జో పడేలా నిలబడితే మిగిలిన టవరు ఒక్కటే గట్టిగా వినబడి మాట తేటపడుతుంది. మా వంటింట్లో స్టవ్‌కి ఎడమవైపు అలాంటి చోటు ఒకటుంది, జానెడు జరిగితే పోతుంది.

ఇన్ని సంగతులు కొనకముందే ఎలా తెలుస్తాయి అంటే, మూడు మార్గాలు. అమెరికాలో ఏ కౌంటీలో ఏ వ్యవస్థ ఉందో ఔత్సాహికులు కూడబెట్టిన వివరాలు వెతికితే దొరుకుతాయి. కొత్త స్కానర్లలో చాలావాటికి ఆ వివరాలే లోపల ఎక్కించి ఉంటాయి, జిప్ కోడ్ కొడితే చుట్టుపక్కలవన్నీ పేర్లతో సహా వస్తాయి. అలవాటు లేనివాళ్ళకి ఇది పెద్ద వరం. ఈ సౌకర్యం లేని పెట్టెలో ట్రంకింగ్ వ్యవస్థని చేత్తో ఎక్కించడం ఒక సాయంత్రం పని. రెండోది, మీ ఊళ్ళోనే వినే అలవాటున్న మనిషిని అడగడం. స్థానిక హ్యాముల క్లబ్బుకి వెళ్ళండి, వాళ్ళు కొత్తవాళ్ళకి ఓపిగ్గా చెబుతారు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 2012లో ఔత్సాహికులు ఒక సంగతి కనిపెట్టారు. కంప్యూటర్లో టీవీ చూడడానికి అమ్మే చవక యూఎస్‌బీ ముక్కలోని చిప్‌తో దాదాపు 24 నుంచి 1700 మెగాహెర్ట్జ్ దాకా ఏ తరంగాన్నైనా పట్టొచ్చు. దాన్ని ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అంటారు, ముప్పై నలభై డాలర్లకి దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే గాలి కంటికి కనిపిస్తుంది. తెర మీద నీలిరంగు నీళ్ళు కిందికి జారుతున్నట్టు ఉంటుంది, అందులో ఎక్కడెక్కడ మాట ఉందో అక్కడ పసుపుపచ్చ గీతలు. విమానం మాట్లాడితే మధ్యలో గట్టి గీత, రెండు పక్కలా ఈకల్లా గొంతు కదలిక. కంట్రోల్ ఛానల్ అయితే ఎప్పుడూ తెగని మందపాటి పట్టీ. ఒక ఆదివారం దాని ముందు కూర్చుంటే మీ ఊళ్ళో అనలాగ్ ఎంత, డిజిటల్ ఎంత, ఏ బ్యాండ్లో రద్దీగా ఉంది అన్నీ తెలిసిపోతాయి. ఆరు వందలు పెట్టే ముందు ముప్పై పెట్టి చూడడం తెలివైన పని.

యాంటెనా సంగతి చాలామంది ఆఖరున ఆలోచిస్తారు. పెట్టెతో వచ్చే పొట్టి రబ్బరు యాంటెనా అన్ని బ్యాండ్లకీ రాజీపడి చేసింది. లోపల తీగని స్ప్రింగులా చుట్టి పొడవు తగ్గిస్తారు. సరైన పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగోవంతు. 75ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లలో వస్తుంది. వాతావరణ రేడియోకి 46 సెంటీమీటర్లు. విమానాలకి దాదాపు 60. 850 దగ్గరుండే ట్రంకింగ్ వ్యవస్థకి తొమ్మిది కూడా ఉండదు. ముప్పై డాలర్లకి దొరికే సాగదీసే యాంటెనా ఒకటి కొని, వినేదాన్ని బట్టి పొడవు మార్చుకుంటే వంద డాలర్ల స్కానర్‌లో కూడా తేడా చెవికి తెలుస్తుంది. బిగించే చోటు బీఎన్‌సీనో, ఎస్ఎంఏనో ముందే చూసుకోండి, రెండూ ఒకదానికొకటి పట్టవు. కిటికీ దగ్గర పెట్టండి. మేడ మీద అయితే ఇంకా మేలు.

ఇక వినకూడనివి. పోలీసుల మాట ఎన్‌క్రిప్ట్ అయితే ఏ స్కానరూ విప్పలేదు, విప్పడం నేరం కూడా. డెన్వర్ పోలీసులు 2019లో తమ మాటలన్నిటికీ తాళం వేశారు. న్యూయార్క్ పోలీసులు 2023లో మొదలుపెట్టారు. బాధితుల పేర్లు, చిరునామాలు గాలిలో తిరగకూడదన్నది వాళ్ళ వాదన, అందులో న్యాయం ఉంది. అయితే నేరాల వార్తలు రాసే విలేకరికీ, మంటలు ఎటు వ్యాపిస్తున్నాయో తెలుసుకోవాల్సిన గృహస్థుకీ కూడా తలుపు పూర్తిగా మూసేయడం సరికాదని నా అభిప్రాయం. ఫైరు, అంబులెన్సులని పంపించే మాటలైనా తెరిచి ఉంచాలి. కొనేవాళ్ళు చేయాల్సింది మాత్రం ఒకటే. మీ ఊళ్ళో ఏది తాళంలో ఉందో ముందు తెలుసుకోవాలి. పోలీసుల కోసమే ఆరు వందలు పెట్టి, ఇంటికొచ్చాక మౌనం వినే పరిస్థితి ఎవరికీ వద్దు.

అమెరికా చట్టం ప్రకారం ఇంట్లో స్కానర్ పెట్టుకుని తెరిచి ఉన్న మాటలు వినడం నేరం కాదు. సెల్‌ఫోన్ బ్యాండ్లు మాత్రం 1994 ఏప్రిల్ తర్వాత తయారైన ఏ స్కానర్లోనూ ఉండకూడదు. పాత అనలాగ్ ఫోన్ల రోజుల్లో, 1996 డిసెంబర్‌లో, ఫ్లోరిడాలో ఒక జంట కారులో స్కానర్‌తో వెళుతూ అప్పటి ప్రతినిధుల సభ స్పీకర్ న్యూట్ గింగ్రిచ్ ఫోన్ సంభాషణ విని రికార్డు చేశారు. అది పత్రికలకెక్కింది, వాళ్ళకి జరిమానా పడింది. 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టం కూడా, విన్నదాన్ని బయటపెట్టడాన్నీ సొంత లాభానికి వాడుకోవడాన్నీ కట్టడి చేస్తుంది. న్యూయార్క్, ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీ, మిన్నెసోటా రాష్ట్రాల్లో కారులో స్కానర్ పెట్టుకోవడం మీద ఆంక్షలున్నాయి. అమెరికాలో ఉద్యోగం మారి రాష్ట్రం మారడం మనవాళ్ళకి మామూలు కాబట్టి సామాన్లు సర్దేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. చట్టం సంగతి అలా ఉంచితే, పక్కవీధిలో పెద్దాయనకి గుండెపోటు వచ్చిన కబురు చిరునామాతో సహా చెవిన పడుతుంది. అలాంటిది వాట్సాప్ గుంపులో పెట్టే మనిషి చేతిలో స్కానర్ ఉండకూడదు.

నాన్నగారు తిరుగు ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచీ పెట్టెని తనతో పంపమని అడిగారు. కుదరదని చెప్పాల్సివచ్చింది. ఇండియాలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచీ ఇలాంటి పరికరం లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడానికి వీల్లేదు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఆ కట్టడిని కొనసాగించింది. ఇతరుల సందేశాలని అక్రమంగా వినేవాళ్ళకి మూడేళ్ళ దాకా జైలు, రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా రాసింది. ఆంధ్రాలో, తెలంగాణలో ఈ ఆసక్తి ఉన్నవాళ్ళకి మంచి దారి హ్యామ్ లైసెన్సు. కేంద్ర టెలికాం శాఖ పరీక్ష పెడుతుంది, పన్నెండేళ్ళు నిండితే రాయొచ్చు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో దానికి శిక్షణ ఇస్తుంది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు భారతీప్రసాద్ నాయకత్వంలో అండమాన్‌లో ఉన్నది ఆ సంస్థ బృందమే. హ్యామ్ ప్రసారాల కోసం వెళ్ళినవాళ్ళు, ఫోన్లు తెగిపోయిన ఆ దీవుల నుంచి క్షేమసమాచారాలు చేరవేశారు. ఇదంతా చెబితే నాన్నగారు పుస్తకం తెప్పించమన్నారు. డెబ్భై రెండేళ్ళ వయసులో పరీక్షకి చదువుతున్నారు.

వెళ్ళేముందు రోజు సాయంత్రం ఆయన కోరిక మీద లెవెల్ క్రాసింగ్ దగ్గరికి వెళ్ళాం. స్కానర్ ఆయన చేతిలో ఉంది. గూడ్సు వచ్చింది. ముందు రెండు ఇంజన్లు, వెనక ఒకటి, మధ్యలో అన్నీ ఒకే రకం వ్యాగన్లు. ఆయన వేళ్ళు మడుస్తూ తొంభై అయిదు లెక్కబెట్టారు. “ఇంజనుకి ఆరు ఇరుసులు, వ్యాగనుకి నాలుగు. అక్కడైనా ఇక్కడైనా అదే” అని మనసులో గుణించి, “మూడు వందల తొంభై ఎనిమిది రావాలి” అన్నారు. బండి కనుమరుగైంది. చలిలో నిలబడి ఎదురుచూశాం. పెట్టెలోంచి అంకె వచ్చింది, 398. ఆయన కుడిచెయ్యి కొంచెం పైకి లేచింది, పచ్చ దీపం పట్టుకున్నట్టు.

ఇప్పుడు ఆయన కావలిలో ఉన్నారు. అక్కడ తెల్లవారే వేళకి ఇక్కడ సాయంత్రం. మొన్న ఫోన్‌లో ఆరోగ్యం, వానలు, చెల్లి పిల్లల చదువు అన్నీ అయ్యాక, “రాత్రి బండి ఏమంది?” అని అడిగారు.

“నాలుగు వందల ఇరవై రెండు నాన్నా.”

“ఇంజన్లు మూడేనా?”

“మూడే. కిటికీలోంచి చూశాను.”

“అయితే నూటొకటి” అన్నారు.